అన్నపూర్ణ చెయ్యి విరిగింది

సెప్టెంబరు 8, ఆదివారం

రోజూ చేత్తో నాలుగు వాక్యాలు రాయమన్నారు డాక్టరుగారు. ఏం రాశానన్నది ఆయనకి అక్కర్లేదు, అక్షరాలు ఎంత వణికాయన్నదే కావాలి. ఆయనకి తెలుగు రాదు కాబట్టి నిజాలు రాయవచ్చు. మా అమ్మాయి విద్యకి తెలుగు వచ్చు గాని నా గొలుసుకట్టు చదివే ఓపిక లేదు. అల్లుడు జగదీష్ చదవగలడు, చదవడు, మర్యాదస్తుడు. మనవరాలు రియాకి అచ్చులో ఉన్నవే వచ్చు, అవీ వేలు పెట్టి. ఇంతకన్నా భద్రమైన చోటు ఈ అమెరికా నేపర్‌విల్ మొత్తం మీద లేదు.

జ్ఞానప్రసూన అని సంతకం పెట్టబోతే “జ్ఞ” దగ్గరే చెయ్యి కొట్టుకుంది. జ్ఞానం పోయి ఉత్త ప్రసూన మిగిలింది.

సెప్టెంబరు 12, గురువారం

ఇరైదా వచ్చింది. మంగళ, గురు, శనివారాలు వస్తుంది. మార్చిలో నా మోకాలు మార్చినప్పటి నుంచీ ఏజెన్సీ వాళ్లు ఈవిడనే పంపుతున్నారు. నడిపిస్తుంది, స్నానానికి సాయం చేస్తుంది, ఐసు పెడుతుంది, మిగిలిన టైములో పెరట్లో నా సొరపాదుకి నీళ్లు పోస్తుంది. అది ఏజెన్సీ పనుల్లో లేదు. ప్యూర్టో రికో మనిషి. కొండల్లో ఏదో ఊరు, ఉతువాదో అట. నేను లెక్చరర్నని తెలిసిన రోజు నుంచీ నన్ను “ప్రొఫెసోరా” అంటుంది. ప్రమోషన్ కాలేజీ వాళ్లు ఇవ్వలేదు, ఈమె ఇచ్చింది.

రియాకి స్కూల్లో ఒక పని ఇచ్చారు. చరిత్రలో ఒక సంఘటన తీసుకుని, అక్కడున్న మనిషే రాసినట్టు రెండు పేజీలు రాయాలి. చరిత్రా ఉండాలి, కల్పనా ఉండాలి. టైనోలని ఎంచుకుంది. ముప్పై మూడేళ్లు బందరులో చరిత్ర చెప్పినదాన్ని ఇంట్లో పెట్టుకుని ఫోన్ని అడుగుతోంది. ఉండబట్టలేక నేనే చెప్పాను. “కొలంబస్‌కి మొదట ఎదురుపడ్డవాళ్లు. కరీబియన్ దీవుల వాళ్లు. యాభై అరవై ఏళ్లలో అంతరించిపోయారు. ఇప్పుడెవరూ లేరు.”

ఇంగ్లీషులోనే చెప్పాను, ఇరైదా కూడా నేర్చుకుంటుందని.

“అలాగా ప్రొఫెసోరా,” అంది, తలెత్తకుండా. “మరి మీ మోకాలికి ఐసు పెడుతున్నదెవరు?”

వాళ్ల అమ్మమ్మ టైనో అట. అమ్మమ్మకి వాళ్ల అమ్మమ్మ చెప్పిందట. చరిత్రకి నోటిమాట చాలదు, ఆధారం కావాలన్నాను.

“మీ అమ్మమ్మ మీ అమ్మమ్మేనని మీకెవరు చెప్పారు?” అంది.

దీనికి జవాబుంది. ఇప్పుడు గుర్తు రావడం లేదు.

సెప్టెంబరు 17

చెయ్యి బాగుంది. పప్పుగిన్నె జారిందంటే గిన్నె నున్నగా ఉండబట్టి.

సెప్టెంబరు 18, బుధవారం

విద్య నన్ను స్టవ్ దగ్గరికి వెళ్లొద్దంది. మొదట కాఫీ కప్పు, తరవాత ఆవకాయ జాడీ, నిన్న పప్పు. తారీఖులతో సహా చెప్పింది. చరిత్ర చదవమంటే కంప్యూటర్లు చదివింది గాని, తారీఖులు మాత్రం వదలదు.

“ఇంకోటి పడేశావంటే ఈ ఏడు కొలువు నీ చేతుల్లో పెట్టను అమ్మా. బొమ్మలు నేనే సర్దుతాను.”

విద్య సర్దితే వినాయకుడి పక్కన ట్రాఫిక్ పోలీసు నిలబడతాడు.

సెప్టెంబరు 24, మంగళవారం

రియా బేస్‌మెంట్‌లోంచి నా పాత పాఠం ఒకటి పట్టుకొచ్చింది. ఎనభై తొమ్మిదిలో దూరవిద్య వాళ్లకి రాసిచ్చింది. వేలు పెట్టి చదివింది: “స్పానియార్డుల రాకతో టైనోలు క్రమంగా అంతరించారు.”

“అంతరించడం అంటే ఏంటి అమ్మమ్మా?”

“లేకుండా పోవడం.”

“వాళ్లంతట వాళ్లేనా?”

“వాళ్లంతట వాళ్లెందుకు పోతారు? బంగారు గనుల్లో చాకిరీ, కత్తులు, ఆకలి, మశూచి.”

“మరి అవి రాయలేదేం?”

ఒక్క పేజీయే ఇచ్చారన్నాను. అది నిజం. ఆ పేజీలో మూడు పంక్తులు కొలంబస్ ఓడల పేర్లకి ఖర్చు పెట్టాను. అదీ నిజమే.

రియా అంతటితో ఊరుకోదు. “డాక్టర్ వచ్చారు అంటావు. ఇరైదా ఆంటీ వచ్చింది అంటావు. వై?”

“అది వ్యాకరణం.”

“షీ ఈజ్ సిక్స్‌టీ ఎయిట్, అమ్మమ్మా.”

“వ్యాకరణానికి వయసుతో పని లేదు.”

తువాళ్లు మడతపెడుతున్న ఇరైదా తన పేరు వినపడి, ఏమిటి సంగతి అంది. “గ్రామర్,” అంది రియా.

సెప్టెంబరు 28, శనివారం

విద్యా జగదీషూ రియాని స్విమ్మింగ్ పోటీకి తీసుకెళ్లారు. వాళ్లు వచ్చేలోగా బొమ్మల పెట్టె విప్పుదామని ఇరైదాని పిలిచాను. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నపూర్ణ చెయ్యి విరిగింది. గరిటె పట్టుకున్న చెయ్యి, మోచేతి దాకా. మా అమ్మ బొమ్మ. మట్టిది, రంగులు ఇప్పటికీ పోలేదు.

ఇరైదా ముక్కలు ఏరింది. విరిగిన దేవతని చెత్తలో వెయ్యకూడదు, నీళ్లలో గాని మట్టిలో గాని కలపాలని చెప్పాను. విద్య కంట పడకూడదని కూడా చెప్పాను. “మట్టిలో ఎక్కడ?” అంది. ఎక్కడైనా మట్టి మట్టే అన్నాను. తన ఏప్రన్‌లో చుట్టుకుని తీసుకెళ్లింది, నిద్రపోతున్న బిడ్డని పట్టుకున్నట్టు.

వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

అక్టోబరు 3, గురువారం

కొలువు పెట్టాం. “అన్నపూర్ణ ఏదమ్మా?” అంది విద్య. “ఉంటుంది ఏ పెట్టెలోనో,” అన్నాను. ఆఫీసు ఫోనొచ్చింది, వెళ్లిపోయింది.

నైవేద్యానికి సగ్గుబియ్యం పాయసం. స్టవ్ ముందు ఇరైదా నిలబడింది, వెనక కుర్చీలోంచి నేను వండాను. ఈ ముత్యాలేమిటంది. కర్రపెండలంతో చేస్తారని ఫోన్లో దుంప బొమ్మ చూపించాను. పకపకా నవ్వింది. “ఇది యూకా. మా వాళ్ల రొట్టె దీనిదే. మీ అమ్మవారికి మా తిండి పెడుతున్నారు ప్రొఫెసోరా.” ఆ దుంపకి వాళ్లకొక దేవుడు కూడా ఉన్నాడట. రాతితో ప్రతిమ చేసి, పంట బాగా రావాలని పొలంలో పాతేవారట.

“దేవుణ్ణి పాతిపెట్టడమేమిటి,” అన్నాను.

“మీరు నీళ్లలో ముంచుతారుగా,” అంది.

పాయసం రెండోసారి అడిగి పెట్టించుకుంది.

అక్టోబరు 5, శనివారం

పేరంటం బాగా జరిగింది. పదకొండు మంది వచ్చారు. సొరపాదు మొదట్లో అన్నపూర్ణ కనపడింది. ఇరైదాని అడిగారు. నన్నూ అడిగారు. నాకేం తెలుసు అన్నాను.

అక్టోబరు 6

పులిహోర మిగిలింది.

అక్టోబరు 7, సోమవారం

ఇరైదాని మార్చారు. రేపటి నుంచి వేరే మనిషి వస్తుందట.

విద్య కోపంలో ఏజెన్సీకి మెసేజ్ పెట్టింది. అందరి ముందూ జరగబట్టి గాని, లేకపోతే ఇంత దూరం వచ్చేది కాదు. విద్య స్నేహితురాలు రేణుకి సొరకాయ ఇద్దామని రియా కొయ్యడానికి వెళ్లింది. వానకి మట్టి కొట్టుకుపోయి అన్నపూర్ణ మొహం పైకి తేలింది. రియా దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని సరాసరి పేరంటంలోకి తెచ్చింది. రేణు బుగ్గలు నొక్కుకుంది. “ఎవరు చేశారాంటీ ఇంత పని? అమ్మవారిని బురదలోనా?”

విద్య ఇరైదాని అడిగింది. “పంట బాగుండాలని పాదు మొదట్లో పెట్టాను. మట్టిలో కలపమన్నది ప్రొఫెసోరాయే,” అంది.

అందరూ నా వంక చూశారు. రాశాను కదా మొన్న, ఏమన్నానో.

అక్టోబరు 8, మంగళవారం

కొత్తమ్మాయి వచ్చింది. ఐసు బ్యాగు తువాలు చుట్టకుండా పెట్టింది.

అసలు నేను మట్టిలో కలపమన్నానా? నీళ్లలో అని కూడా అన్నాను. ఆ “నీళ్లు” ఆమెకి వినపడలేదు. పెరట్లో పాతమని అనలేదు. అమ్మవారి విషయంలో అడిగి చెయ్యాలా వద్దా? కొంత తప్పు ఆమెది కూడా ఉంది. చదువుకున్నదాన్ని, రెండు వైపులా చూడగలను.

అక్టోబరు 9, బుధవారం

అడిగింది. “మట్టిలో ఎక్కడ” అని అడిగింది.

అక్టోబరు 10, గురువారం

రియాకి సంఘటన దొరికింది. తానే వెతుక్కుని, నాకు చదివి వినిపించింది.

స్పెయిన్ సన్యాసులు టైనోల దీవి ఒకదాంట్లో చిన్న ప్రార్థన మందిరం కట్టి, తమ దేవుడి ప్రతిమలు అక్కడ పెట్టి వెళ్లారు. గ్వారియోనెక్స్ అనే దొర మనుషులు వాటిని తీసుకుపోయి పొలంలో పాతిపెట్టారు. పైన ఉచ్చ పోసి, “ఇక నీ పంటలు బాగా పండుతాయి” అన్నారు. కొలంబస్ తమ్ముడు విచారణ జరిపించి వాళ్లని బతికుండగానే కాల్పించాడు. రాసిపెట్టినవాడు సన్యాసి కాబట్టి దైవదూషణ అని రాశాడు. కాదు, తమ దేవుళ్లకి ఎలా చేసేవారో పరాయి దేవుడికీ అలాగే చేశారు, అది మర్యాద అని ఇప్పుడు కొందరు చరిత్రకారులు అంటున్నారు.

ఇది నాకు తెలుసు. ఎప్పుడో చదివాను. పాఠంలో పెట్టలేదు, పేజీ చాలలేదు.

“అమ్మమ్మా, అక్కడ ఒక్కరికైనా రెండు భాషలూ వచ్చి ఉంటాయి కదా,” అంది రియా. “ఇది ఇన్‌సల్ట్ కాదు అని చెప్పి ఉండొచ్చు కదా.”

“చెప్తే ఎవరు నమ్ముతారు?”

“నమ్మకపోయినా. వాళ్లు చెప్పారని రాసి ఉండేది.” పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. “నా కథ ఆ పర్సనే చెప్తుంది. భాష వచ్చిన పర్సన్. చెప్పిందా, చెప్పలేదా అనేది ఇంకా డిసైడ్ చెయ్యలేదు. నువ్వేమంటావు?”

మందు వేసుకునే టైమయిందన్నాను.

అక్టోబరు 12, శనివారం

విజయదశమి. ఇరైదా గురించి ఏజెన్సీ ఫోన్ చేసిందని విద్య జగదీష్‌తో చెబుతుంటే వినపడింది. క్లయింటు వస్తువు తీసి దాచిందని ఆమె ఫైల్లో రాశారట. విచారణ అయ్యేదాకా ఏ ఇంటికీ పంపరట.

“పాపం, పెద్దావిడ కదా,” అన్నాడు జగదీష్. “అత్తయ్యగారిని ఇంకోసారి అడుగుదామా? మర్చిపోయి ఉండొచ్చు.”

“అమ్మ ఏదీ మర్చిపోదు,” అంది విద్య.

అక్టోబరు 14, సోమవారం

స్కూలుకి సెలవు. కొలంబస్ డే అన్నాను. “ఇండిజినస్ పీపుల్స్ డే,” అని దిద్దింది రియా.

ఇవాళ ఇంకేమీ రాయలేదు.

అక్టోబరు 15, మంగళవారం

డాక్టరుగారి దగ్గరికి విద్య తీసుకెళ్లింది. ఆయన ఈ నోటుబుక్కు తీసుకుని, పాదరక్షల కొట్లో సైజులు చూసినట్టు పేజీలు తిప్పారు. ఒకచోట ఆగారు.

“సెప్టెంబరు పర్వాలేదు. ఇది చూడండి, అక్టోబరు ఐదు. నాలుగు లైన్లే గాని అక్షరాలు గీత దిగి కిందికి పోయాయి. ఆ రోజు మందు మానేశారా? ఏమైనా జరిగిందా?”

విద్య వంగి చూసింది. “పే... రం... టం...” నా గొలుసుకట్టుతో కుస్తీ పడుతోంది. ఆఖరి వాక్యం దాకా రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా నేను అనవలసిన మాట తయారుగానే ఉంది: పండగ రోజండీ, అలసిపోయాను. నాలిక చివర దాకా వచ్చింది.

రాసిందేమిటో తెలియని మనిషికి కూడా నేను అబద్ధమాడిన రోజేదో తెలిసింది. తెలుగు రానివాడి ముందు ఏం దాచుకుంటాను.

“ఇలా ఇవ్వు,” అన్నాను. వెనక్కి తిప్పి సెప్టెంబరు 28 తీశాను. పైకి చదివాను, మొదటి నుంచి చివరి దాకా, క్లాసులో చదివినట్టు. “విద్య కంట పడకూడదని కూడా చెప్పాను” అన్న వాక్యం రెండుసార్లు చదివాను.

విద్య నా వంక చూడలేదు. ఏమిటని డాక్టరుగారు అడిగితే, “ఫ్యామిలీ విషయం,” అంది.

“ఫ్యామిలీది కాదండీ,” అన్నాను. “పరాయి మనిషిది.”

కార్లో చాలా దూరం వచ్చాక విద్య అడిగింది. “నేను స్టవ్ గురించి అన్నందుకేనా అమ్మా?”

“కాదు.”

“భయపడ్డావా?”

“నువ్వు తారీఖులు చెప్పినప్పుడు భయపడ్డాను. అబద్ధం మాత్రం నేనే ఆడాను. దాన్ని నీ ఖాతాలో రాసుకోకు.”

అక్టోబరు 16, బుధవారం

ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఏ కేర్‌గివర్ అని అడిగింది అక్కడి అమ్మాయి. ఇరైదా అన్నాను. పూర్తి పేరంది. నాకు తెలియదు. కనపడ్డ ప్రతి తెలుగువాణ్ణీ ఇంటిపేరేమిటి, ఏ ఊరివాళ్లని పీకే దాన్ని, ఏడు నెలలు నా ఒళ్లు తుడిచిన మనిషి ఇంటిపేరు అడగలేదు. “ఇరైదా మాల్దొనాదో?” అని ఆ అమ్మాయే చెప్పింది.

ఏం జరిగిందో రాసి పంపమన్నారు. ఇంగ్లీషులో “ది డాల్ బ్రోక్” అని మొదలుపెట్టాను. మంచి భాష. విరగడానికీ విరగ్గొట్టడానికీ ఒకటే మాట, ఎవరి చెయ్యీ కనపడదు. కొట్టేసి, ముందు తెలుగులో రాసుకుందామనుకున్నాను: బొమ్మ చెయ్యి విరిగింది. సెప్టెంబరులోనూ ఇలాగే రాశాను. అన్నపూర్ణ చెయ్యి విరిగింది, ఇరైదాని మార్చారు, టైనోలు అంతరించారు. తెలుగు కూడా ఏమంత నిక్కచ్చి మనిషి కాదు. పట్టుకుని అడిగితే తప్ప కర్తని బయటపెట్టదు.

చివరికి ఇలా పంపాను. బొమ్మని నేను పడేశాను. నేను విరగ్గొట్టాను. మట్టిలో కలపమని నేను చెప్పాను. అందరి ముందూ అడిగినప్పుడు తెలియదన్నాను. తెలుసు.

విద్య టైప్ చేసింది. ఎక్కడా దిద్దలేదు.

అక్టోబరు 17, గురువారం

ఫైల్లో రాసింది తీసేస్తామన్నారు. ఆవిడ నంబరు వాళ్లు ఇవ్వకూడదట. నాది ఆవిడకి ఇచ్చారు. సాయంత్రం నాలుగింటికి ఇరైదాగారు ఫోన్ చేశారు.

క్షమించమని అడగడానికి ఇంగ్లీషులో మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఒకటే వచ్చింది. ఆవిడ విన్నారు. పర్వాలేదని అనలేదు.

“పాదు ఎలా ఉంది?” అన్నారు.

“మంచుకి మాడిపోయింది.”

“బొమ్మ?”

“కడిగి పెట్టెలో పెట్టాం.”

“మళ్లీ పెట్టండి ప్రొఫెసోరా. పని సగంలో ఉండగా తీశారు.”

మీరు వస్తారా అన్నాను. ఆ “మీరు” ఇంగ్లీషులో వినపడదు, తెలుసు.

“రాను. ఆ రోజు నేను మీ వంక చూశాను. మీరు పసుపు గిన్నె వంక చూశారు.”

గిన్నె నాకు గుర్తుంది. వెండిది, అంచు సొట్ట.

“అలా అని అంతరించిపోయానని రాసుకోకండి,” అన్నారు ఇరైదాగారు. “ఇక్కడే, పక్క ఊరు ఆరోరాలో ఉన్నాను. సోమవారం నుంచి ఇంకొకావిడ మోకాలు.”

అక్టోబరు 18, శుక్రవారం

రియా కథ ఇచ్చేసింది. భాష వచ్చిన మనిషి చెప్పిందా లేదా అని అడిగాను. “చెప్పింది. బట్ లేట్‌గా,” అంది. అప్పటికే కాల్చేశారట.

స్కూలు నుంచి రాగానే ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. మాడిన తీగ పక్కకి లాగి రియా గొయ్యి తీసింది. ఈ మోకాలు నేల దాకా వంగదు. స్టూలు మీద కూర్చుని, నా చేత్తోనే అన్నపూర్ణని దింపాను. గరిటె చెయ్యి ఒళ్లో పెట్టాను. చెయ్యి వణికింది. మట్టి కప్పడానికి వణుకు అడ్డం కాదు.

“ఏమైనా చెప్పాలా?” అంది రియా.

“నీ కథలో ఉన్న మాట చెప్పు.”

“నువ్వు చెప్పు అమ్మమ్మా.”

గుప్పెడు మట్టి తీసి దాని చేతిలో పెట్టాను. రియాయే అంది, దాని వంకర తెలుగులో. “ఇంక నీ పంటలు బాగా పండుతాయి.”

ఈ పేజీలో అక్షరాలు మళ్లీ గీత దిగాయి. డాక్టరుగారు అడిగితే చలికి అని చెప్పను.